జీడిపప్పు కొట్టుకి వెబ్‌సైట్: డొమైన్ కొన్న రోజు నుంచి రెండో ఆర్డరు దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ప్రారంభోత్సవానికి కొట్టించిన ఫ్లెక్సీ బొమ్మే మొదటి పేజీ నిండా ఉంటుంది. దాని కింద ‘నాణ్యతే మా లక్ష్యం’ అని ఒక ముక్క, ఇంటర్నెట్టులో దొరికిన ఫొటోలు, అట్టడుగున ఫోన్ నంబరు. ధర ఉండదు. తూకం ఉండదు. సరుకు ఎన్ని రోజుల్లో చేరుతుందో ఉండదు. అవన్నీ ఫోన్ చేసి అడుగుతారులే అనుకుంటాం. హైదరాబాదులో రాత్రి పదకొండు గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషి అడగడు, పక్క సైటు తెరుస్తాడు.

ఇక్కడ పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు అమ్మే ఒక కొట్టును ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పని చెబుతున్నాం. మీది పొందూరు ఖాదీ అయినా, బొబ్బిలి వీణ అయినా, విజయనగరంలో స్వీట్ల షాపు అయినా పని వరస ఇదే. ఎక్కడ మారాలో మధ్యలో చెబుతాం.

ముందు వారం రోజులు నోటుబుక్కు

సైటు చేసేవాళ్లకు ఫోన్ చెయ్యకముందే గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. ఏడు రోజులపాటు కొట్టుకొచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, వాట్సాప్‌లో అడిగినవాళ్లు ఏ మాట అడిగితే ఆ మాటే రాయండి. శుద్ధి చెయ్యొద్దు. ‘కేజీ ఎంత పడతాదండి?’, ‘గుళ్లు పెద్దవేనా, మధ్య రకమా?’, ‘ఇది మన ఉద్దానం పప్పేనా?’, ‘బెంగళూరుకి పంపుతారా, ఎప్పటికొస్తాది?’, ‘పురుగు పడితే మారుస్తారా?’ ఇలా ఓ ముప్పై నలభై వస్తాయి. ఒకే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన గీత పెట్టండి.

వారం చివర ఎక్కువ గీతలున్న పది ప్రశ్నలు తీసుకుంటే అదే మీ సైటు. మొదటి మూడు ప్రశ్నలకు జవాబు ఫోన్ తెర మీద వేలితో జరపకుండానే కనిపించాలి. మిగతావి సరుకు పేజీలో, డెలివరీ పేజీలో పడతాయి. ఈ పని చెయ్యకుండా మొదలుపెట్టిన సైటులో రంగులెన్ని మార్చినా ఆర్డర్లు మారవు. కొనేవాడి సందేహం తీరే చోటు అందులో లేదు కాబట్టి.

డొమైన్, హోస్టింగ్: ఎవరి పేరు మీద

డొమైన్, అంటే మీ సైటు చిరునామా పేరు, చిన్నగా, ఫోన్‌లో చెబితే ఎదుటివాడు తప్పులేకుండా రాసుకునేలా ఉండాలి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు. మన దేశంలోనే అమ్మేవాళ్లకు ‘డాట్ ఇన్’ చాలు. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్ కూడా దొరుకుతుంది. దాన్ని అదనంగా కొనుక్కుని అసలు సైటుకి మళ్లించుకోవచ్చు గానీ, అదొక్కటే పెట్టుకోవద్దు. ఈమెయిల్ చిరునామాల దగ్గర, కొన్ని ఫారాల దగ్గర ఇంకా ఇబ్బంది పెడుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: డొమైన్‌ను సైటు చేసే కుర్రాడు తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొంటాడు. రెండేళ్లకు అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. రెన్యువల్ నోటీసు అతని మెయిల్‌కే పోతుంది, మీ సైటు ఆగిపోతుంది. మీ విజిటింగ్ కార్డుల మీద, ప్యాకెట్ల మీద అచ్చయిన పేరు మీది కాకుండా పోతుంది. అందుకని ఖాతా మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే తెరవండి. డబ్బు మీరే కట్టండి. పని చేసేవారికి యాక్సెస్ మాత్రం ఇవ్వండి. మొదటి ఏడాది చవకగా చూపించి రెండో ఏడాది నుంచి ఎక్కువ గుంజే పథకాలు చాలా ఉంటాయి, కాబట్టి కొనేటప్పుడే రెన్యువల్ ధర ఎంతో చూడండి. ఆటో రెన్యువల్ పెట్టినా, గడువుకి నెల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. కార్డు గడువు తీరిపోతే ఆటో రెన్యువల్ పనిచెయ్యదు.

హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ అద్దె)తో పాటు ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్, అంటే సైటుకీ చూసేవాడికీ మధ్య సమాచారం వేరేవాళ్లు చదవకుండా కాపాడేది, చాలాచోట్ల ఉచితంగా వస్తుంది. దాన్ని ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు డబ్బు తీసుకోవు. దానికి ఏటా వేలు అడిగేవారి దగ్గర ఆగి ఎందుకని అడగండి.

ఇక ఏ వేదిక? ఇరవై లోపు సరుకులుంటే, రోజుకి పది ఆర్డర్లు దాటకపోతే పూర్తి ఆన్‌లైన్ షాపు అక్కర్లేదు. అయిదు పేజీల సైటు, ప్రతి సరుకు కింద ‘వాట్సాప్‌లో ఆర్డర్ ఇవ్వండి’ అనే బటన్ సరిపోతాయి. ఆ లింకులో 91 తర్వాత ఖాళీ గానీ ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ లేకుండా పది అంకెల నంబరు ఉండాలి. సరుకు పేరు, తూకం ముందే నింపిన సందేశం కూడా అందులో పెట్టొచ్చు. అప్పుడు వచ్చే సందేశం ‘హాయ్’ అని కాక ‘320 రకం, 500 గ్రాములు కావాలి’ అని వస్తుంది. రోజుకి పది పదిహేను దాటాక చేతితో లెక్క తప్పుతుంది. అప్పుడు పూర్తి ఆన్‌లైన్ షాపుకి, అంటే వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌కో, నెలవారీ చందా కట్టే షాపిఫై లాంటి దానికో మారండి.

తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా కనపడాలంటే

మన ఊళ్లలో పాంప్లెట్లు, శుభలేఖలు చేసే డీటీపీ సెంటర్లలో చాలా ఏళ్లుగా అను ఫాంట్ల పని నడిచింది. అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కావు. ఆ ఫైలులోంచి మాటర్ కాపీ చేసి సైటులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనపడతాయి. దానికి విరుగుడుగా ఆ మాటర్‌నంతా బొమ్మగా మార్చి పెట్టేస్తారు. గూగుల్ దాన్ని వచనంగా చదివి లెక్కలోకి తీసుకోదు, ధర మారితే మళ్లీ డీటీపీకి పరిగెత్తాలి, చిన్న ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. పాత మాటర్‌ను యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి, వత్తులు, సున్నాలు, క్రావడులు ఒక్కొక్కటీ కళ్లతో సరిచూసి అప్పుడు పెట్టండి. కొత్త మాటర్ అయితే ఫోన్ కీబోర్డులో నేరుగా యూనికోడ్‌లోనే కొట్టండి.

ఫాంటు విషయం. చదివే వచనానికి నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి బాగుంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో ‘గిడుగు’, ‘గురజాడ’ పేర్లతోనూ ఉచిత ఫాంట్లున్నాయి. గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు, గురజాడ అప్పారావు గారు విజయనగరం మనిషి. మన జిల్లాల సైటు మీద ఆ పేర్లు చూస్తే ఆనందమే గానీ, వాటిని శీర్షికలకు వాడుకుని కింది మాటర్‌కు నోటో ఉంచండి. సైజు 18 పిక్సెళ్లకు తగ్గొద్దు. వరుసల మధ్య ఎడం, అంటే లైన్ హైట్, 1.7 పెట్టండి. ఇంగ్లీషు థీముల్లో, అంటే ఇంగ్లీషు కోసం ముందే చేసిపెట్టిన సైటు నమూనాల్లో, 1.4 లాంటి విలువలుంటాయి. ఆ ఎడంలో ‘స్త్ర’ కింది వత్తు వెళ్లి కింది వరసలో ‘కీ’ గుడిని తాకుతుంది. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి. వాలు అక్షరాలు తెలుగుకి నప్పవు, తీసేయించండి. పేజీ భాషను తెలుగుగా ప్రకటించమని సైటు చేసేవారికి చెప్పండి. థీమ్ ఇంగ్లీషుదే కదాని చాలామంది వదిలేస్తారు. కంటిచూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అప్పుడు తెలుగును ఇంగ్లీషు పలుకుబడిలో చదవబోయి గందరగోళం చేస్తుంది.

అనువాదాన్ని యంత్ర అనువాదం ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రాం) మీద వదిలెయ్యొద్దు. మెనూలో ‘హోమ్’ కాస్తా ‘ఇల్లు’ అవుతుంది, బద్ద పప్పు ‘విభజన’ అవుతుంది, కొనే బటన్ మీద ‘బండికి జోడించు’ అని వస్తుంది. బటన్లు ఎలాగూ పది పదిహేనే ఉంటాయి. ‘కొనండి’, ‘ధరలు’, ‘మా కొట్టు’, ‘మాతో మాట్లాడండి’ అని మీరే రాసుకోండి. మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట పట్టుబట్టారు. ఆయన జిల్లాలోని కొట్టు సైటులో ‘ఉత్కృష్ట నాణ్యతా ప్రమాణములతో’ అని రాయించుకోవడం నిజంగా బాధగా ఉంటుంది. ‘చెత్త, పొట్టు లేకుండా చేత్తో ఏరిన పప్పు’ అంటే కొనేవాడికి వెంటనే తెలుస్తుంది.

సరుకు పేజీ

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. జీడిపప్పు రకాలకు వాడే అంకెలు కొనేవారిలో నూటికి తొంభైమందికి అర్థం కావు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు, అంటే విరగని నిండు పప్పులు, తూగుతాయని. 240 రకంలో 220 నుంచి 240, 210 రకంలో 200 నుంచి 210. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది. దీన్ని కొనేవాడి ప్యాకెట్టు భాషలోకి మార్చండి: 250 గ్రాముల్లో 320 రకమైతే సుమారు 165 నుంచి 176 గుళ్లు, 240 రకమైతే 121 నుంచి 132, 210 రకమైతే 110 నుంచి 116. ఈ ఒక్క వాక్యంతో ‘పెద్దవేనా?’ అనే ప్రశ్న తీరిపోతుంది.

పేజీలో మాటర్ ఈ తీరుగా రావాలి:

‘పలాస జీడిపప్పు గుళ్లు, 320 రకం, 250 గ్రాములు. ప్యాకెట్టులో సుమారు 165 నుంచి 176 గుళ్లు వస్తాయి. వేయించలేదు, ఉప్పు వెయ్యలేదు. పాయసానికి, పులిహోరకు, పలావుకు ఈ సైజు సరిపోతుంది. కూరలోకి రుబ్బుకునేవాళ్లు బద్దలు తీసుకోండి, రుచి అదే, ధర తక్కువ. దారిలో ఒత్తిడికి కొన్ని గుళ్లు విరగొచ్చు. ప్యాకెట్టు తెరిచాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. వానాకాలంలో ఫ్రిజ్‌లో ఉంచితే మెత్తబడదు.’

ఇందులో ‘విరగొచ్చు’ అన్న వాక్యాన్ని చాలామంది తీసేయమంటారు. ఉంచండి. ముందే చదివినవాడు నాలుగు బద్దలు కనపడితే సర్దుకుంటాడు, చదవనివాడు ఒక నక్షత్రం రివ్యూ రాస్తాడు.

ఊరి పేరు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. పలాస ఫ్యాక్టరీల్లో చుట్టుపక్కల ఉద్దానం తోటల జీడిపిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతైన పిక్కలు కూడా ఆడిస్తారు. ‘ఉద్దానం పప్పు’ అని రాస్తే అది ఉద్దానం తోటల పిక్కే అయి ఉండాలి. బయటి పిక్క అయితే ‘పలాసలో ఒలిచి, ఏరిన పప్పు’ అనండి. రెండూ అమ్మితే రెండు పేజీలు పెట్టి రెండు ధరలు చెప్పండి. ఊరి పేరు మీద జనానికున్న నమ్మకం ఒక్క కొట్టుది కాదు, ఆ ఊళ్లో ఒలిచే, ఏరే ఆడవాళ్లందరి కష్టం అందులో ఉంది.

ధర పక్కన తేదీ వెయ్యండి, ఎందుకంటే జీడిపప్పు ధర నిలకడగా ఉండదు. ధరను బొమ్మలో కాక అక్షరాల్లోనే పెట్టండి.

ఆహారం అమ్ముతున్నారు కాబట్టి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు పేజీ అడుగున ఉండాలి. నికర తూకం, పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఏ దేశపు సరుకో, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా పెట్టాలి. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇంకొకటి, ఇది పలాస, ఇచ్ఛాపురం వాళ్లకు ముఖ్యం: బరంపురం మనకు కూతవేటు దూరమే గానీ జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. సరిహద్దు దాటి పన్ను పడే సరుకు పంపుతుంటే టర్నోవర్ తక్కువే కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా కూర్చోవడానికి మామూలుగా వీల్లేదు. హస్తకళల వంటి కొన్నిటికి మినహాయింపులున్నాయి. బటన్ పెట్టకముందే మీ ఆడిటర్‌ను కనుక్కోండి.

సరుకు మారితే పేజీలో ముందుకు రావాల్సింది మారుతుంది. పొందూరు ఖాదీకి నూలు కౌంటు (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె), పన్నా (బట్ట వెడల్పు), పొడవు, ఉతికే పద్ధతి ముందు కావాలి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే పని ముప్పై సెకన్ల వీడియోగా పెడితే ధర ఎందుకంతో వేరే చెప్పనక్కర్లేదు. బొబ్బిలి వీణకు పనస చెక్క ఏకాండీయా (ఒకే దుంగలో చెక్కిందా) అతుకులదా, తయారీకి ఎన్ని రోజులు, చెక్కపెట్టెలో ఎలా పంపుతారు, అన్నిటికంటే ముందు ఆ వీణ మోగిన శబ్దం కావాలి. ఫొటో ఎంత బాగున్నా నాదం వినకుండా ఎవరూ అంత డబ్బు పంపరు.

ఫొటో: ఒక ప్లేటు, ఒక రూపాయి బిళ్ల

స్టూడియో అవసరం లేదు. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వెయ్యండి. కిటికీకి ఎదురువైపు తెల్ల డ్రాయింగ్ షీటు నిలబెడితే నీడలు పలచబడతాయి. ట్యూబులైటు ఆపెయ్యండి, అది ఉంటే పప్పు పచ్చగానో నీలంగానో వస్తుంది. తెల్ల పింగాణీ ప్లేటు మంచిది, స్టీలు పళ్లెంలో మీ ఫోనే కనపడుతుంది. 240, 320 రకాలను ఒకే ప్లేటులో పక్కపక్కన పోసి మధ్యలో రూపాయి బిళ్ల పెట్టి పైనుంచి ఒక ఫొటో తియ్యండి. ఆ ఒక్క బొమ్మతో సైజు తెలిసిపోతుంది. తర్వాత ఒక గుండును దగ్గర నుంచి, ప్యాకెట్టు ముందూ వెనకా, ప్యాకెట్టును చేతిలో పట్టుకున్నట్టు ఒకటి. జూమ్ చెయ్యకండి, ఫోనునే దగ్గరకు తీసుకెళ్లండి.

ఫోన్ ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలుంటుంది. అలాగే ఎక్కిస్తే సిగ్నల్ బలహీనంగా ఉన్న పల్లెలో పేజీ తెరుచుకునేసరికి చూసేవాడు వెళ్లిపోతాడు. చదరంగా కత్తిరించి 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి బొమ్మ ఫైలు రూపంలో 75 లేదా 80 క్వాలిటీతో దాచండి. 150 కేబీ లోపుకు వస్తుంది, కంటికి తేడా తెలియదు. తర్వాత గూగుల్ వారి వేగం పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటును మొబైల్ వైపు పరీక్షించండి. ముఖ్యమైన బొమ్మ కనపడడానికి 2.5 సెకన్లు దాటకూడదు, నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. తెరుచుకుంటుండగా పేజీ కిందికీ పైకీ గెంతకూడదు, ఆ కొలత 0.1 లోపు. గెంతడానికి కారణం చాలాసార్లు బొమ్మకు వెడల్పు, ఎత్తు ముందే చెప్పకపోవడం. కదిలే స్లైడర్లు, మంచు రాలే ఎఫెక్టులు తీసేస్తే సగం బరువు దిగుతుంది.

గూగుల్ మ్యాప్‌లో కొట్టు

డబ్బు ఖర్చులేని ప్రచారంలో ఇంతకు మించింది లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిచి, బోర్డు మీద ఉన్న పేరే రాయండి. ‘బెస్ట్ జీడిపప్పు హోల్‌సేల్ పలాస’ అని పేరుకి తోకలు కడితే ప్రొఫైల్‌ను సస్పెండ్ చెయ్యొచ్చు. సస్పెండ్ అయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వారాలు తిరగాలి. వెరిఫికేషన్‌కు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, పక్క షాపులు, మీ బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, లోపలి సరుకు, ఇవన్నీ కట్ లేకుండా ఒకే వీడియోలో తియ్యండి.

పిన్ పడిన చోటు సరిచూడండి. సందు లోపలి కొట్టుకు పిన్ మెయిన్ రోడ్డు మీద పడితే కారులో వచ్చినవాడు ముందుకెళ్లిపోతాడు. చిరునామాలో పలాస, కాశీబుగ్గ రెండు పేర్లూ రాయండి, జనం రెండిటితోనూ వెతుకుతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆ ఊళ్ల వ్యాపారుల సైటులో ఒక జిల్లా, మ్యాప్‌లో ఒక జిల్లా, బిల్లు మీద ఇంకో జిల్లా ఉండిపోయాయి. అన్నిచోట్లా పేరు, చిరునామా, ఫోన్ ఒకేలా మార్చండి.

పండగ రోజుల్లో పనివేళలు ముందే పెట్టండి. రథసప్తమికి అరసవల్లి వచ్చినవాళ్లు, పైడితల్లమ్మ సిరిమాను పండగకి విజయనగరం వచ్చినవాళ్లు అక్కడే నిలబడి ఫోన్‌లో ‘దగ్గరలో’ అని వెతుకుతారు. తెరిచి ఉండి కూడా ‘మూసి ఉంది’ అని చూపిస్తే ఆ బేరం పోయినట్టే.

రివ్యూలకు క్యూఆర్ కోడ్ గల్లా దగ్గర అతికించి అడగండి. రివ్యూ రాస్తే వంద గ్రాములు ఉచితం అనొద్దు, అది గూగుల్ నియమాలకు విరుద్ధం. చెడ్డ రివ్యూ వస్తే ఒకటి రెండు రోజుల్లో మర్యాదగా జవాబివ్వండి. వాదన పెట్టుకుంటే తర్వాత చదివేవాడు మిమ్మల్నే చూస్తాడు.

వెతికేవాళ్లు ఎలా కొడతారు

తెలుగు లిపిలో వెతికేవాళ్లున్నారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. ‘జీడిపప్పు’ను ఒకరు రెండు ‘ఈ’లతో, ఒకరు ఒక్క ‘ఐ’తో, ఒకరు రెండు మాటలుగా విడదీసి కొడతారు. విజయనగరాన్ని జెడ్‌తో కొట్టేవారున్నారు, జేతో కొట్టేవారున్నారు. జేతో కొడితే హంపీ ఉన్న కర్ణాటక విజయనగర జిల్లా ఎదురొస్తుంది. అన్ని స్పెల్లింగులూ పేజీ అడుగున కుప్ప పోయొద్దు, గూగుల్ దాన్ని స్పామ్‌గా చూస్తుంది. పేజీ చిరునామాలో ఒక స్పెల్లింగు, శీర్షికలో తెలుగు పేరు, వివరణలో ఇంకో స్పెల్లింగు సహజంగా వచ్చేలా రాస్తే చాలు.

పేజీ చిరునామాను తెలుగు లిపిలో పెట్టొద్దు. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు వేరువేరు కోడ్‌లుంటాయి, లింకుల్లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అవి ఒక్కోటి మూడు బైట్లు. లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో కోడ్ తొమ్మిది గుర్తులై, శాతం గుర్తులతో మూరెడు తోక వస్తుంది. ఏదో మోసపు లింకనుకుని ఎవరూ నొక్కరు. శీర్షికలో ముఖ్యమైన మాటలు మొదటి 40 అక్షరాల్లోనే పడాలి. ‘పలాస జీడిపప్పు 320 రకం, 250 గ్రా.’ ముందు, కొట్టు పేరు వెనక.

గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనపడుతోందో చూపే సెర్చ్ కన్సోల్ ఉచితం. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) అందులో ఇచ్చి, నెలకోసారి ఏ మాటలతో మీ సైటు కనపడుతోందో చూడండి. కనపడుతున్నా ఎవరూ నొక్కని మాట ఉంటే ఆ పేజీ శీర్షిక మార్చాలి. కొత్త సైటుకు మూడు నెలలైనా పట్టకుండా ఫలితం రాదు. పది రోజుల్లో మొదటి స్థానం ఇప్పిస్తామని ఫోన్ చేసేవారికి అడ్వాన్సు ఇవ్వొద్దు, అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు.

డబ్బులు, పెట్టెలు

యూపీఐ ముందు పెట్టండి. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే గేట్‌వేలు కార్డుల మీద మామూలుగా 2 శాతం చుట్టూ, దాని మీద జీఎస్టీ తీసుకుంటాయి. జీడిపప్పు లాంటి పలచని లాభం సరుకులో అది లెక్కే. క్యాష్ ఆన్ డెలివరీ తెరిస్తే ఆర్డర్లు పెరుగుతాయి, తిరిగొచ్చే పెట్టెలూ పెరుగుతాయి. రానూపోనూ ఛార్జీ మీదే. మొదటి ఆర్నెల్లు వద్దు.

పెట్టె కొలత చూడండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. కేజీ పప్పును 25×18×10 పెట్టెలో పెడితే లెక్క 0.9 కేజీ, అంటే అసలు బరువుకే ఛార్జీ. అదే పప్పును, చేతికి దొరికిందని 30×25×15 పెట్టెలో వేస్తే 2.25 కేజీలకు కడతారు. గాలికి డబ్బు కట్టినట్టు. పెట్టెలు రెండు సైజులే కొనిపెట్టుకోండి.

సంక్రాంతికి ఒక పని తప్పక చెయ్యండి. హైదరాబాదు, విశాఖ, చెన్నై నుంచి ఊరొచ్చేవాళ్లు తిరిగెళ్తూ జీడిపప్పు పట్టుకెళ్తారు. ‘ఇప్పుడే చెప్పి ఉంచండి, కొట్టు దగ్గర తీసుకోండి’ అనే బటన్ డిసెంబరు 20 కల్లా పెట్టండి. కొరియర్ ఖర్చు లేదు, దారిలో పప్పు విరగదు.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే అదే రోజు సైటు పైన ఒక పట్టీ పెట్టండి: ‘తుపాను వల్ల డిస్పాచ్ ఆగింది, ఫలానా తేదీ తర్వాత పంపుతాం’. ప్రకటనలు ఆపండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మీ సైటు వేరే చోటి సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది, ఆర్డర్లు తీసుకుంటూనే ఉంటుంది, మీకు మాత్రం తెలియదు. అందుకే బయటి ఊళ్లో ఉన్న నమ్మకమైన ఒకరికి, కొడుకో అల్లుడో, ఆ పట్టీ పెట్టే పాస్‌వర్డు ఇచ్చి ఉంచండి. ఖాతాలన్నిటికీ రెండంచెల భద్రత పెట్టండి. వారానికోసారి సైటు బ్యాకప్ హోస్టింగ్‌లో కాక వేరే చోట దాయండి.

ప్రకటనలు ఎప్పుడు, ఎంత

ముందు లెక్క చూడండి. కేజీ ఆర్డరు మీద ప్యాకింగు, కొరియరు పోను 150 రూపాయలు మిగులుతున్నాయనుకుందాం. రోజుకి 200 చొప్పున 15 రోజులు ప్రకటన వేస్తే 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీతో 3,540. అసలు రావాలంటే 24 ఆర్డర్లు కావాలి. క్లిక్కుకి 6 రూపాయలు పడిందనుకుంటే 500 మంది వస్తారు, అందులో 24 మంది కొనాలి. దాదాపు నూటికి అయిదుగురు. కొత్త సైటుకి అది చాలా కష్టం. మొదటిసారి కొన్నవాడు మళ్లీ కొంటేనే ప్రకటన డబ్బు గిట్టుబాటవుతుంది. అందుకే సరుకు పేజీ, రివ్యూలు, వాట్సాప్ కుదిరాకే ప్రకటనల వైపు వెళ్లండి.

వెళ్లినప్పుడు గూగుల్‌లో ‘జీడిపప్పు’ అనే ఒంటి మాట మీద వెయ్యొద్దు. ‘పలాస జీడిపప్పు ఆన్‌లైన్’, ‘పలాస జీడిపప్పు 1 కేజీ’ వంటి కొనే మాటల మీదే వెయ్యండి. వద్దనే మాటల జాబితాలో ‘మెషీన్’, ‘ఉద్యోగాలు’, ‘పిక్కల ధర’, ‘బస్తా’, ‘మొక్కలు’, ‘ఫ్యాక్టరీ’ మొదటి రోజే చేర్చండి. పలాస పేరుతో వెతికేవారిలో రైతులు, వ్యాపారులు, యంత్రాలు అమ్మేవారు చాలామంది ఉంటారు, వాళ్ల క్లిక్కులకు కూడా మీరే డబ్బు కడతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో దేశమంతా వెయ్యకుండా హైదరాబాదు, విశాఖ, బెంగళూరు లాంటి నాలుగు నగరాలు ఎంచి, తెలుగు భాష పెట్టి చూడండి. దసరాకి, శ్రావణంలో పెళ్లిళ్లకు మూడు వారాల ముందు మొదలుపెట్టాలి, పండగ వారంలో కొరియర్ చేరదు.

ప్రతి ఆర్డరులో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగి పుస్తకంలో రాయండి. అనలిటిక్స్ అంకెల కన్నా ఈ గడి ఎక్కువ చెబుతుంది.

రెండో ఆర్డరు

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్ పెట్టి, కొన్నవారికి నెల పేరుతో లేబుల్ వెయ్యండి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. అందుకని ప్యాకెట్టులో చిన్న చీటీ వెయ్యండి: ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త పంట పప్పు వచ్చినప్పుడు చెబుతాం’. అనుమతి లేని నంబర్లు కొని పంపొద్దు, నలుగురు బ్లాక్ చేస్తే మీ నంబరే పోవచ్చు. బల్క్ ఎస్సెమ్మెస్‌కైతే డీఎల్‌టీ, అంటే వ్యాపార సందేశాలు పంపేవారు టెలికాం కంపెనీల దగ్గర చేసుకునే రిజిస్ట్రేషన్, తప్పనిసరి, పైగా తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో 160.

సరుకు చేరిన మూడో రోజు ఒక్క సందేశం, ‘ప్యాకెట్టు బాగా చేరిందాండి? విరిగినవి ఎక్కువున్నాయా?’ అని. ఫిర్యాదుంటే రివ్యూలో కాక మీ దగ్గరే చెబుతారు. తర్వాత అయిదు వారాలకు ఇంకొకటి: ‘అమ్మా, పోయినసారి 320 రకం అరకేజీ తీసుకున్నారు. ఈ వారం కొత్తగా ఏరిన పప్పు వచ్చింది, ధర ఇంత. కావాలంటే ఊఁ అనండి, పాత చిరునామాకే పంపుతాం.’ జవాబు రాకపోతే మళ్లీ తట్టొద్దు. మళ్లీ పంపేది దసరా ముందే.